తలుపు మీద అంటించిన కాగితం

2025 నవంబరు గ్రంథాలయ వారోత్సవాల్లో మా శాఖా గ్రంథాలయంలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్లు అడుగుతుంటే రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. వెనక నిలబడ్డ అబ్బాయిలూ, ముందు వరుస ఖాళీగా ఉంది, రండి. ఈ మైకు వెనక దాకా వినపడదు. నాకు తెలుసు, ఇరవై ఏళ్లుగా ఇదే మైకు.

ఆహ్వాన పత్రం మీద అంశం చాలా గంభీరంగా వేశారు. ప్రజాస్వామ్యం వెనకడుగు వేస్తున్న కాలంలో విదేశీ ఎన్నికలకు మద్దతు అని. అది చూసి మా ఆవిడ అడిగింది, "విదేశాల సంగతి మీకెందుకండీ, మన వీధిలో లైటు వెలగక నెలైంది, అది చూడండి ముందు" అని. లైటు సంగతి కూడా చూస్తాను. ముందు ఇది కానివ్వండి.

ఒక్కసారి చేతులెత్తండి. ఈ హాల్లో ఎలక్షన్ డ్యూటీ చేసినవాళ్లు ఎంతమంది? ... అదీ. సగానికి పైనే ఉన్నారు. మేష్టర్లు, వీఆర్వోలు, బ్యాంకు వాళ్లు. అంటే నేను చెప్పబోయేదాంట్లో సగం మీకు ముందే తెలుసు. ఆ రోజు సాయంత్రం గుర్తు తెచ్చుకోండి. తెల్లవారుజామున నాలుగింటికి లేచాం, స్నానం చేశామో లేదో గుర్తుండదు, మధ్యాహ్నం ఎవరో తెచ్చిన పులిహోర పొట్లం సగం తిని పక్కన పెట్టాం. పోలింగ్ అయిపోయింది. బయట బస్సు వాడు హారన్ కొడుతున్నాడు. మిషన్లు అప్పగించే రిసెప్షన్ సెంటర్లో క్యూ ఎంత ఉంటుందో తల్చుకుంటేనే గుండె జారిపోతుంది. అప్పుడు రాయాలి 17సి ఫారం. మొత్తం ఓటర్లు ఎంతమంది, రిజిస్టరులో ఎంతమంది ఎక్కారు, మిషన్లో ఎన్ని ఓట్లు పడ్డాయి. అభ్యర్థుల ఏజెంట్లతో సంతకాలు పెట్టించాలి, ఒక్కొక్కరికీ ఒక కాపీ ఇవ్వాలి, ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి.

ఏజెంట్లు ఏం చేస్తారు? సగం మంది ఐదింటికే జారుకుంటారు. ఉన్నవాళ్లు "మీ మీద మాకు నమ్మకం ఉంది మాస్టారూ, మాకెందుకు కాగితం" అంటారు. ఒక ఎన్నికలో నేను బలవంతం చేసి ఒకాయన చేతిలో పెట్టాను. బయటికెళ్లి చూస్తే అందులో వేరుశనక్కాయలు పోసుకుని తింటున్నాడు. పెద్దాయన, మంచివాడు, నేనేమీ అనలేదు. కానీ నాకు ఆ వేళ కోపం వచ్చింది. ఇన్ని అంకెలు కూడి, రెండుసార్లు సరిచూసి రాసిన కాగితం కదా.

ఆ కాగితం విలువ నాకు ఎక్కడ తెలిసిందంటే, కెన్యాలో. మా అమ్మాయీ అల్లుడూ నైరోబీలో ఉండేవారు. 2022 ఆగస్టులో మనవడి కోసం వెళ్లాం. ఆగస్టు 9న అక్కడ ఎన్నికలు. మేముండే అపార్టుమెంటు వాచ్‌మన్, వాళ్ల భాషలో అస్కారీ అంటారు, నాకు బాగా అలవాటయ్యాడు. నేను ఎన్నికలు నడిపిన మేష్టర్నని తెలిశాక ఇంకా ఇష్టం. పొద్దున్నే చలిలో కోటు వేసుకుని వెళ్లి ఓటేసి వచ్చాడు. ఆరు రంగుల బ్యాలెట్ పేపర్లటండీ ఒక్కొక్కళ్లకి! అధ్యక్షుడికొకటి, గవర్నరుకొకటి, సెనేటరుకొకటి, పార్లమెంటు సభ్యుడికొకటి, మహిళా ప్రతినిధికొకటి, వార్డు సభ్యుడికొకటి. మనం రెండు మిషన్లు పెడితేనే ముసలమ్మలు తికమక పడతారు.

నన్ను లోపలికి రానివ్వరు, నేను పరాయి దేశం వాణ్ణి. మర్నాడు పొద్దున్నే అతనే వచ్చి పిలిచాడు, పదండి చూపిస్తానని. దగ్గర్లో ఒక స్కూలు. మన స్కూళ్లలాగే, వరండా, నీలం తలుపులు, గోడ మీద పిల్లలు గీసిన గీతలు. ఒక్కో తరగతి గది ఒక్కో పోలింగ్ కేంద్రం. ఒక కేంద్రానికి ఏడు వందల మందికి మించి ఓటర్లుండరు. తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. దాని పేరు 34ఎ.

ఏముంది అందులో? నలుగురు అధ్యక్ష అభ్యర్థుల పేర్లు, ఒక్కొక్కరికి ఎన్ని ఓట్లు, రద్దయినవి ఎన్ని, కింద ప్రిసైడింగ్ ఆఫీసర్ సంతకం, ఏజెంట్ల సంతకాలు. అక్కడ లెక్కింపు కూడా ఆ గదిలోనే అవుతుంది. రాత్రి దీపాల వెలుగులో ఒక్కో బ్యాలెట్ పేపరూ పైకెత్తి ఏజెంట్లందరికీ చూపించి లెక్కపెడతారు. ఫలితం రాస్తారు, ఫొటో తీసి పంపిస్తారు, తలుపు మీద అంటిస్తారు. అంతే. మా అస్కారీ ఫోన్ తీసి ఫొటో తీసుకున్నాడు. అతని వెనక ఇంకో నలుగురు, కూరగాయలమ్మే ఒకావిడ, స్కూలు యూనిఫాంలో ఒక పిల్ల, అందరూ ఫొటోలే. ఆ కూరగాయలావిడకి లెక్కలు ఎంతవరకు వచ్చో నాకు తెలీదు. ఫొటో మాత్రం తీసుకుంది.

ఇది ఊరికే వచ్చిందనుకున్నారా? రాలేదు. దీని వెనక పెద్ద గొడవ ఉంది. ఆ గొడవలో, పరాయి దేశంలో ఎన్నికలు సరిగ్గా జరుగుతున్నాయో లేదో చూడ్డానికొచ్చే విదేశీ పరిశీలకులు ఉన్నారే, వాళ్ల పరువు కొంచెం పోయింది. అది చెప్తాను.

2017 ఆగస్టు 8. అదే కెన్యా. ఎన్నికలకి కొద్ది రోజుల ముందు ఎన్నికల సంఘంలో కంప్యూటర్ వ్యవస్థ చూసే అధికారి, క్రిస్ మ్సాండో, హత్యకు గురయ్యాడు. ఆ భయంలోనే పోలింగ్ జరిగింది. జనం బారులు తీరారు. పరిశీలకులొచ్చారు. ఐరోపా సంఘం నుంచి వచ్చారు, ఆఫ్రికా సంఘం తరఫున దక్షిణాఫ్రికా మాజీ అధ్యక్షుడు థాబో ఎంబెకీ వచ్చారు, ఎన్నికలు పరిశీలించే అమెరికా సంస్థ కార్టర్ సెంటర్ తరఫున ఆ దేశ మాజీ విదేశాంగ మంత్రి జాన్ కెర్రీ వచ్చారు. క్యూలు చూశారు, పెట్టెలు చూశారు, బాగానే జరిగిందన్నట్టు మాట్లాడారు. ఫిర్యాదులుంటే కోర్టుకి వెళ్లండి అన్నారు. ఉహురు కెన్యట్టా 54 శాతం ఓట్లతో గెలిచారని ఎన్నికల సంఘం ప్రకటించింది. అయిపోయింది, విమానాలెక్కి వెళ్లిపోయారు.

సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ ఎన్నికని కొట్టేసింది. నలుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు. ప్రధాన న్యాయమూర్తి డేవిడ్ మరాగా. ఆఫ్రికా ఖండంలో అధ్యక్ష ఎన్నికని ఒక కోర్టు కొట్టేయడం అదే మొదటిసారి. ఎందుకు కొట్టేశారు? ఓటింగు బాగాలేదని కాదు. నలభై వేల పైచిలుకు పోలింగ్ కేంద్రాల 34ఎ కాగితాలు అన్నీ రాకముందే ఫలితం చెప్పేశారని. వచ్చిన పైస్థాయి ఫారాల్లో కొన్నిటికి సంతకాలు లేవని, కొన్నిటికి ఉండాల్సిన భద్రతా గుర్తులు లేవని. సర్వర్లు చూపించమంటే సంఘం వాళ్లు సరిగ్గా చూపించలేదని. ఎన్నిక అంటే ఒక రోజు ముచ్చట కాదు, మొదట్నుంచీ చివరిదాకా ఒక ప్రక్రియ అని కోర్టు చెప్పింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. పరిశీలకులు అబద్ధం చెప్పారా? లేదు. వాళ్లు చూసింది చూసినట్టే చెప్పారు. కానీ వాళ్లు చూసింది దేన్ని? క్యూని. సీలు వేసిన పెట్టెని. మనం డ్యూటీలు చేసినవాళ్లం కదా, చెప్పండి, ఈ రోజుల్లో దొంగతనం చేసేవాడు క్యూలో చేస్తాడా? పెట్టెలు ఎత్తుకుపోవడం పాతకాలం పద్ధతి. ఇప్పుడు గది నుంచి రాజధానికి అంకె ప్రయాణం చేసే దారిలో చేస్తాడు. లేకపోతే ఏడాది ముందే, ఓటర్ల జాబితాలో, కోర్టుల్లో, టీవీ ఛానళ్లలో చేసేస్తాడు. పోలింగ్ రోజు వచ్చేసరికి అంతా ప్రశాంతం, పెళ్లి ఇల్లులా ఉంటుంది.

ఇంకో తమాషా చెప్తాను, ఇది ఎవరూ పెద్దగా చెప్పరు. కెన్యాలోనే స్థానిక సంఘాలు కలిసి, ఎలాగ్ అంటారు దాన్ని, సొంతంగా సమాంతర లెక్క వేశాయి. అదెలా వేస్తారంటే, దేశమంతా కొన్ని కేంద్రాలు లాటరీ తీసినట్టు ఎంచుకుని, అక్కడ తమ మనిషిని పొద్దుట్నుంచి రాత్రి దాకా కూర్చోబెట్టి, తలుపు మీది అంకె తెప్పించుకుని కూడతారు. మన ఆడవాళ్లు అన్నం ఎలా చూస్తారు? కుండంతా తిని చూడరు కదా, మెతుకు పట్టి చూస్తారు. అదే పని. కాకపోతే మెతుకు పైనుంచే తీస్తే అడుగు మాడిందో లేదో తెలీదు. అందుకని ఏ మూల నుంచి తియ్యాలో లెక్కల మేష్టర్లు ముందే తేలుస్తారు. సరే, ఆ లెక్క ప్రకారం చూసినా 2017లో కెన్యట్టాకి 54 శాతమే వచ్చింది. ప్రకటించిన అంకె, వీళ్ల అంకె ఒకటే! అయినా కోర్టు కొట్టేసింది. అంకె సరిపోయినంత మాత్రాన సరిపోదు, చట్టం చెప్పిన దారిలో వచ్చిందా లేదా అనేది వేరే ప్రశ్న. నాకు ఆ తీర్పు అందుకే నచ్చింది. విద్యార్థి జవాబు కరెక్టుగా రాసినా, స్టెప్పులు లేకపోతే నేను మార్కులు వేసేవాణ్ణి కాదు. నా దగ్గర చదువుకున్నవాళ్లు ఇక్కడ ఉన్నారు, అడగండి.

ఆ తర్వాత ఐదేళ్లకి, 2022లో, ఎన్నికల సంఘం ఏం చేసిందంటే, నలభై ఆరు వేల పైచిలుకు 34ఎ కాగితాలూ స్కాన్ చేసి వెబ్‌సైటులో పెట్టేసింది. ఎవరైనా చూసుకోవచ్చు, ఎవరైనా కూడుకోవచ్చు. టీవీ వాళ్లు కూడడం మొదలెట్టారు, ఒక ఛానల్లో ఒకాయన ముందు, ఇంకో ఛానల్లో ఇంకొకాయన ముందు. మా అల్లుడి ఆఫీసులో పని మానేసి ఎక్సెల్ షీట్లేసుకుని కూర్చున్నారట. చివరికి విలియం రూటో 50.49 శాతంతో గెలిచారన్నారు. సగం గీత మీద అరశాతంతో గట్టెక్కాడు. ఎన్నికల సంఘంలో ఏడుగురిలో నలుగురు మేం ఒప్పుకోం అన్నారు, మళ్లీ కోర్టు కేసు, ఈసారి కోర్టు ఎన్నికని నిలబెట్టింది. గొడవలు లేకుండా పోలేదు. కానీ గొడవంతా అందరి దగ్గరా ఉన్న కాగితాల మీద జరిగింది.

మలావీ అని ఒక దేశం ఉంది. మ్యాపులో వెతికితే గానీ దొరకదు, సన్నగా పొడుగ్గా ఉంటుంది. అక్కడ 2019 మేలో ఎన్నికలయ్యాయి. పీటర్ ముతారికాకి 38 శాతం పైన, లాజరస్ చక్వేరాకి 35 శాతం పైన. బయట నుంచి వచ్చినవాళ్లు ఫరవాలేదన్నారు. తర్వాత కాగితాలు బయటికి తీసి చూస్తే, లెక్కల షీట్ల మీద వైట్‌నర్! మన ఆఫీసుల్లో వాడే వైట్‌నర్ అండీ. వాళ్లు టిపెక్స్ అంటారు. అంకె మీద తెల్లరంగు పూసి, ఆరాక దాని మీద ఇంకో అంకె. వైట్‌నర్ ఆరాలంటే ఎంతసేపు పడుతుంది? అంతసేపు ఊదుకుంటూ కూర్చున్నారన్నమాట తీరిగ్గా.

నెలల తరబడి జనం రోడ్ల మీదకొచ్చారు. 2020 ఫిబ్రవరి 3న ఐదుగురు న్యాయమూర్తులు, సైన్యం కాపలాతో, గుండు దిగని చొక్కాలు వేసుకుని కోర్టుకొచ్చి తీర్పు చదివారు. రోజంతా చదివారు. ఎన్నిక చెల్లదు, మళ్లీ పెట్టండి, ఈసారి సగం కంటే ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలిచినట్టు అన్నారు. జూన్ 23న మళ్లీ ఎన్నిక. అప్పుడు కోవిడ్, సరిహద్దులు మూసేశారు. విదేశీ పరిశీలకులు దాదాపు లేరు. చక్వేరా 58 శాతం పైన ఓట్లతో గెలిచారు. మొన్న సెప్టెంబరులో ఏమైంది? అదే చక్వేరా ఓడిపోయారు, అదే ముతారికా ఎనభై ఐదేళ్ల వయసులో తిరిగొచ్చారు. చక్వేరా ఓటమి ఒప్పుకుని దిగిపోయారు. ఎవరు మంచివాడు ఎవరు చెడ్డవాడు అనే చర్చ నాకొద్దు. నేను చెప్పేదల్లా ఒకటే. పరిశీలకులు నిండుగా ఉన్న ఎన్నికలో వైట్‌నర్ పూశారు. పరిశీలకులు లేని ఎన్నిక నిలబడింది. మరి విదేశీయుల అవసరమేంటి?

అవసరం ఉంది. అక్కడికే వస్తున్నాను. అవసరం లేదని చెప్పి నేను దిగిపోతే కార్యదర్శి గారు నాకు శాలువా కప్పరు.

అజర్‌బైజాన్ సంగతి వినండి. 2013 అక్టోబరు 9న పోలింగ్. అక్కడి ఎన్నికల సంఘం ఒక మొబైల్ యాప్ చేయించింది. 8వ తారీఖున, అంటే పోలింగ్‌కి ముందురోజు, ఆ యాప్‌లో ఫలితాలొచ్చేశాయి! అధ్యక్షుడు అలియేవ్‌కి 72 శాతం పైన. అడిగితే టెస్టింగ్ కోసం పెట్టామన్నారు. మర్నాడు ఓటింగు జరిగింది, ఫలితమూ వచ్చింది, 84 శాతం పైన. పెరిగాయి ఇంకా. ఓఎస్‌సీఈ అని ఐరోపాలో భద్రత, సహకారం కోసం దేశాలు కలిసి పెట్టుకున్న సంస్థ ఉంది, వార్సాలో దాని ఎన్నికల విభాగం ఒకటుంది, వాళ్లు వారాల తరబడి అక్కడే ఉండి చూశారు కాబట్టి లెక్కింపు ఘోరంగా ఉందని రాశారు. అదే రోజు అదే దేశంలో ఐరోపా పార్లమెంటుల సభ్యులు కొందరు, నాలుగు రోజుల కోసం వచ్చినవాళ్లు, స్వేచ్ఛగా, న్యాయంగా జరిగిందని మెచ్చుకుని వెళ్లారు. ఈ రెండో రకం వాళ్లని నేను పెళ్లివారంటాను. విడిది బాగుందా, భోజనం బాగుందా, ఆశీర్వదించి వెళ్లిపోవడమే. ఇప్పుడు ప్రతి నియంతా తన పెళ్లివారిని తనే పిలిపించుకుంటున్నాడు.

అక్కడ స్థానికంగా ఎన్నికలు పరిశీలించే సంఘం నడిపిన అనార్ మమ్మద్లీని ఆ ఎన్నికలైన రెండు నెలలకే అరెస్టు చేశారు. రెండేళ్లకి పైగా జైల్లో ఉన్నాడు. 2024లో మళ్లీ పట్టుకున్నారు. రష్యాలో గోలోస్ అనే సంఘం ఉండేది, గోలోస్ అంటే వాళ్ల భాషలో గొంతు అనీ అర్థమే, ఓటు అనీ అర్థమే. దాన్ని నడిపినవాళ్లలో ఒకడైన గ్రిగోరీ మెల్కోన్యాంట్స్‌కి ఈ ఏడాది మేలో ఐదేళ్ల శిక్ష వేశారు, జులైలో ఆ సంఘమే మూతపడింది. జింబాబ్వేలో 2023 పోలింగ్ రాత్రి, ఇందాక చెప్పానే, మెతుకు పట్టి చూసే లెక్క, ఆ లెక్క వేస్తున్న గది మీద పోలీసులు పడి నలభై మంది దాకా పట్టుకుపోయారు. కంప్యూటర్లతో సహా.

చూశారా ఎవరిని పట్టుకుపోతున్నారో? హోటల్లో దిగిన విదేశీయుణ్ణి కాదు. తలుపు దగ్గర రాత్రంతా కూర్చున్న ఆ ఊరి మనిషిని. దొంగకి ఎవరంటే భయమో దొంగకి బాగా తెలుసు. అందుకే బయటివాళ్లు మద్దతివ్వాలంటే ఇవ్వాల్సింది ఆ మనిషికి. సర్టిఫికెట్లు ఇవ్వడం మానేసి, ఆ మనిషికి శిక్షణ, దారి ఖర్చులు, పట్టుకుపోతే లాయరు, బయట ప్రపంచంలో అతని పేరు నలుగురికీ తెలిసేలా చూడడం. ఇదే నేను చెప్పదలుచుకున్నది. మిగతాదంతా కథలు.

వెనెజువెలాలో 2024 జులైలో అదే చూశాం. అక్కడ మిషన్ నుంచి ఒక పొడుగాటి చీటీ వస్తుంది, బస్సు టికెట్లు అన్నీ కలిపి అంటించినట్టు, ఆక్టా అంటారు. ఎన్నికల సంఘం అధ్యక్షుడు మదురోనే గెలిచారంది, బూత్‌ల వారీ లెక్క మాత్రం ఇవ్వలేదు. ప్రతిపక్షం ఏజెంట్లు అప్పటికే ఎనభై శాతం పైగా చీటీలు సంపాదించి, స్కాన్ చేసి ప్రపంచమంతా చూసేలా పెట్టేశారు. వాటి ప్రకారం వాళ్ల అభ్యర్థి ఎడ్ముండో గొన్సాలెస్ రెట్టింపుకు పైగా ఓట్లతో గెలిచాడు. కార్టర్ సెంటర్ వాళ్లు 2017లో పాఠం నేర్చుకున్నట్టున్నారు, రెండు రోజుల్లోనే ఇది ప్రజాస్వామ్య ఎన్నిక కాదని ముఖం మీదే చెప్పారు. మరి ఏమైంది? ఈ జనవరిలో మదురోనే మళ్లీ ప్రమాణం చేశాడు. గొన్సాలెస్ అంతకుముందే స్పెయిన్ వెళ్లిపోవాల్సి వచ్చింది. కాగితం చేతిలో ఉన్నంత మాత్రాన కుర్చీ రాదు. నేను అబద్ధం చెప్పను మీకు.

అసలు కాగితం పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. కంబోడియాలో 2017లో ప్రధాన ప్రతిపక్షాన్ని కోర్టు రద్దు చేసేసింది, 2018లో ఎన్నికలు పెట్టారు, పాలక పార్టీకి 125కి 125 సీట్లు. తలుపు మీద ఎంత శుభ్రంగా అంకెలు రాస్తే ఏం లాభం? మొన్న అక్టోబరు 29న టాంజానియా. ప్రతిపక్ష నాయకుడు టుండు లిస్సు రాజద్రోహం కేసులో జైల్లో. ఆయన పార్టీకి పోటీ చేసే అవకాశమే లేదు. ఇంటర్నెట్ కట్. రోడ్ల మీద కాల్పులు. అధ్యక్షురాలికి 97 శాతం పైన ఓట్లు. మా స్కూల్లో క్లాసు లీడరు ఎన్నికకి కూడా తొంభై ఏడు రాలేదెప్పుడూ, ఒక్కడే నిలబడ్డప్పుడు తప్ప.

కానీ టాంజానియాలో ఒక కొత్త సంగతి జరిగింది. ఆఫ్రికా ఖండం దక్షిణ భాగంలోని దేశాల కూటమి, సాడెక్, వాళ్ల పరిశీలకులే ఇది ప్రజల అభీష్టం చెప్పే ఎన్నిక కాదన్నారు. ఆఫ్రికా సంఘం వాళ్లు మా నియమాలకు తగ్గట్టు జరగలేదన్నారు. అన్నదమ్ముల్లాంటి దేశాలు! ఈ సాడెక్ వాళ్లే 2023లో జింబాబ్వే విషయంలోనూ తప్పుపట్టారు, జాంబియాకు చెందిన నెవర్స్ ముంబా ఆ బృందానికి నాయకుడు, జింబాబ్వే వాళ్లు ఆయన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. తెల్లవాళ్లంటే, పోవయ్యా వలసపాలకుడా అనొచ్చు. పొరుగువాడంటే ఏమంటారు? ఊళ్లో కూడా అంతే కదా, పట్నం నుంచి వచ్చిన ఆఫీసరు కోప్పడితే పట్టించుకోం, పక్కింటాయన మొహం తిప్పుకుంటే నిద్రపట్టదు.

డబ్బు సంగతి తొందరగా చెప్పేస్తాను. స్థానికులకి శిక్షణలు, ఈ లెక్కలు, వీటికి డబ్బు చాలావరకు అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ నుంచి వచ్చేది. ఈ ఏడాది ఆ సంస్థని మూసేశారు, చాలా కార్యక్రమాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. జులైలో వాళ్ల విదేశాంగ శాఖ తన రాయబారులకి, మన ప్రయోజనం స్పష్టంగా ఉంటే తప్ప పరాయి దేశం ఎన్నిక న్యాయంగా జరిగిందా లేదా అని మాట్లాడొద్దని తాఖీదు పంపింది. ఫిబ్రవరిలో మీ వాట్సాప్‌లో ఒకటి తిరిగింది గుర్తుందా, భారత్‌లో ఓటింగు పెంచడానికి 2 కోట్ల 10 లక్షల డాలర్లు ఇచ్చారని? మా అపార్టుమెంటు గ్రూపులో దాని మీద రెండు రోజులు యుద్ధం. మన ఆర్థిక శాఖ నివేదికలో అలాంటి ప్రాజెక్టే లేదు. మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ ఖురేషీ గారు తమ హయాంలో పైసా రాలేదన్నారు. ఆ సొమ్ము బంగ్లాదేశ్ కోసమని ఒక పత్రిక కాగితాలు చూసి రాసింది. అది చదివినవాడు గ్రూపులో ఒక్కడూ లేడు. పరాయి డబ్బు మీద అనుమానం తప్పని నేననను. ఎవడి డబ్బు, ఎవడి చేతికి, దేనికి, ఇవి బహిరంగంగా ఉండాలి. అది కూడా తలుపు మీద అంటించాలి.

మరి మనం? మన దేశం? ఇది చెప్పకుండా దిగితే మోసం చేసినట్టు. 1953లో సూడాన్‌కి స్వాతంత్య్రం రాబోతోంది, మొదటి ఎన్నికలు నడపాలి. ఏడుగురితో కమిషన్ వేశారు: ముగ్గురు సూడాన్ వాళ్లు, ఒక ఈజిప్టు మనిషి, ఒక ఇంగ్లీషాయన, ఒక అమెరికన్, అధ్యక్షుడు మన సుకుమార్ సేన్. మన మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్. ఏడాది కిందటే కోట్లమంది నిరక్షరాస్యులతో మన ఎన్నికలు నడిపినవాడు. ఏదో నాలుగు రోజులు క్యూలు చూసి రావడం కాదు, అక్కడే నెలల తరబడి ఉండి జాబితాల దగ్గర్నుంచి చేయించాడు. ఆ ఎన్నిక బాగా జరిగింది. ఐదేళ్లకి సైన్యం అధికారం లాక్కుంది, అది వేరే కథ.

ఇప్పుడు మనం మిషన్లు పంపుతాం, ఇంకు పంపుతాం. మిషన్లు చేసే మన ఈసీఐఎల్ హైదరాబాదులో ఉంది, మైసూరు రంగుల కంపెనీ సిరా పాతిక దేశాల వేళ్ల మీద ఉంది. 2014లో నమీబియా మన ఈవీఎంలతో ఎన్నికలు జరిపింది. 2020లో అక్కడి సుప్రీంకోర్టు, ఓటు వేసినట్టు కాగితం రాని మిషన్ చెల్లదంది. చూడండి, మళ్లీ కాగితమే! ఢిల్లీలో విదేశీ ఎన్నికల అధికారులకి శిక్షణ ఇచ్చే సంస్థ ఉంది. ఇవన్నీ మంచివే. కానీ మాట? 2024 జనవరిలో బంగ్లాదేశ్‌లో ప్రధాన ప్రతిపక్షం బహిష్కరించిన ఎన్నిక జరిగితే, అది వాళ్ల ఆంతరంగిక వ్యవహారమని చెప్పి అభినందనలు పంపాం. ఏడు నెలలకి ఏం జరిగిందో మీకు తెలుసు. జోక్యం చేసుకోం అనేది మన పాత మాట, దాంట్లో పెద్దరికం ఉంది, కాదనను. కానీ అభినందించడం కూడా జోక్యమే కదా?

మనం ఇంకొకళ్లకి చెప్పాలంటే మన ఇంట్లో కూడా చూసుకోవాలి. 2024లో మన 17సి కాగితాలు వెబ్‌సైటులో పెట్టమని సుప్రీంకోర్టుకి వెళితే, చట్టప్రకారం ఏజెంట్లకి తప్ప ఇవ్వక్కర్లేదని ఎన్నికల సంఘం వాదించింది. చట్టం అలాగే ఉంది, నిజమే. స్వీడన్‌లో ఒక సంస్థ మనల్ని కొన్నేళ్లుగా ఎన్నికలున్న నిరంకుశత్వం అనే గడిలో వేస్తోంది. మన ప్రభుత్వం అది ఒప్పుకోదు. నేనూ ఆ మార్కులు పూర్తిగా ఒప్పుకోను, పేపర్లు ఎవరు దిద్దారో చూడాలి. కానీ కెన్యాలో కూరగాయలమ్మే ఆవిడకి దొరికిన కాగితం నాకెందుకు దొరకదు అంటే, నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉందా?

ఆ అమ్మాయి చెయ్యి ఎత్తింది. చెప్పమ్మా. ... ఇక్కడ కూర్చుని మనమేం చేయగలం అంటోంది. మంచి ప్రశ్న. అమెరికాలో పౌరసత్వం వచ్చిన మన పిల్లలు బోలెడు మంది. అక్కడ పోలింగ్ కేంద్రంలో పనిచేసేది మామూలు పౌరులే, మనలా మేష్టర్లని తరలించరు. మీ అన్నయ్యో బాబాయో ఉంటే, ఒక్కరోజు సెలవు పెట్టి కూర్చోమను. రెండోది, మన బృందాలు పరాయి దేశాల ఎన్నికలు చూసొస్తుంటాయి, ఏం చూశారో రాసి మాకూ చదవనివ్వండని మన ఎంపీలని అడగొచ్చు. మూడోది, వచ్చే ఎన్నికల్లో ఏజెంటుగా కూర్చో. ఏ పార్టీకైనా సరే. ఐదింటికి జారుకోకు. కాపీ తీసుకో. వేరుశనక్కాయలు ఇంకో కాగితంలో పోసుకో.

టైము అయిపోయింది, కార్యదర్శి గారు వాచీ చూస్తున్నారు. మా అస్కారీ సంగతి చెప్పి ఆపేస్తాను. ఆ ఎన్నికలో అతను ఓటేసింది ఓడిపోయిన ఆయనకి. ప్రకటన వచ్చిన రోజు రాత్రి మొహం మాడ్చుకుని కూర్చున్నాడు గేటు దగ్గర. అందరూ దొంగలే అన్నాడు. నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కాసేపటికి, మీ ఫోన్లో నెట్ ఉందా మ్జే అని అడిగాడు. మ్జే అంటే వాళ్లలో పెద్దాయన అని. ఇచ్చాను. ఆ వెబ్‌సైటు తెరిచి, జిల్లా, నియోజకవర్గం, వార్డు, స్కూలు, ఆ గది, ఒక్కొక్కటీ నొక్కుకుంటూ వెళ్లాడు. తలుపు మీద చూసిన కాగితమే వచ్చింది, మూల కొంచెం మడత పడి ఉంది, ఆ మడత కూడా అలాగే ఉంది. తన ఫోన్లో ఫొటో పక్కన పెట్టుకుని వేలు పెట్టి ఒక్కో వరుసా చూశాడు. రద్దయిన ఓట్ల దగ్గర రెండుసార్లు చూశాడు. "సావా" అన్నాడు. సరే అని. ఇంతలో బయట కారు హారన్ కొట్టింది. ఫోను నా చేతిలో పెట్టి గేటు తీయడానికి వెళ్లాడు.